ఎవరు ఎవరికి బాకీ? – ఒక నెల చదువు

ఈ మే నెలలో ఆరు పుస్తకాలు చదివాను. పదో తరగతి జవాబు పత్రాల మూల్యాంకనం ముగిశాక, బడి తెరిచేలోపు దొరికిన ముప్పై రోజుల చదువు ఇది. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’, పెద్దింటి అశోక్ కుమార్ ‘జిగిరి’, అక్కినేని కుటుంబరావు ‘కొల్లేటి జాడలు’, బండి నారాయణస్వామి ‘శప్తభూమి’, రమేశ్ కార్తీక్ నాయక్ ‘ఢావ్లో’, ఎండపల్లి భారతి ‘ఎదారి బతుకులు’. నాలుగు నవలలు, రెండు కథా సంపుటాలు. మధ్యలో ఒక వాదానికి అవసరమై జి. కల్యాణరావు ‘అంటరాని వసంతం’ మళ్ళీ తిరగేశాను. వీటిలో ఏదీ ఈ సంవత్సరం వచ్చినది కాదు. చిన్న పట్టణంలో ఉండే పాఠకుడికి సమకాలీన సాహిత్యం ఎప్పుడూ కొంత పాతబడ్డాకే అందుతుంది. ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతూనే ఉన్నాం. శాఖా గ్రంథాలయానికి ఏటా కొత్తగా వచ్చేవి మాత్రం పోటీ పరీక్షల గైడ్లు.

ఈ పుస్తకాల్ని ఒక ప్రశ్న పెట్టుకుని చదివాను. ఈ కథలో ఎవరు ఎవరికి బాకీ? ఎంత? ఆ లెక్క ఎవరి చేతిలో ఉంది? ఇంతే ప్రశ్న. మొరటు ప్రశ్న అని కొందరు మిత్రులు అనవచ్చు. కాని ఈ ప్రశ్న నాకు ఏ సిద్ధాంత గ్రంథమూ ఇవ్వలేదు. కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ ఇచ్చింది. 1960లలో వచ్చిన ఆ కథలో అప్పల్రాముడు గోపన్నకు బాకీ. ఆ బాకీ ఎలా పుట్టింది, ఎలా పెరిగింది, ఊరు ‘అభివృద్ధి’ చెందుతున్నకొద్దీ ఒక కుటుంబం ఎందుకు కుంగిపోయింది అన్నదే ఆ కథకు వస్తువూ శిల్పమూ కూడా. పంచాయితీలో కూర్చున్న పెద్దమనిషి శ్రీరాములునాయుడు చెడ్డవాడు కాదు. గోపన్న కూడా దుర్మార్గుడు కాదు. ఆ లెక్క న్యాయమైనదే. ఆ న్యాయమైన లెక్కే మనిషి మెడకు ఉరి అయింది. ఆ ముగింపు మీద ఏళ్ళ తరబడి చర్చ నడిచింది. ముగింపు సంగతి ఎలా ఉన్నా, అప్పు పద్దును కథకు వెన్నెముకగా నిలబెట్టవచ్చునని ఆ కథ రుజువు చేసింది. తరవాతి తరాలు ఆ వెన్నెముకను ఏం చేశాయి అన్నది చూడాలనిపించింది.

ముందు, వచ్చిన లాభం చెప్పుకోవాలి. అది చిన్నది కాదు. దాశరథి రంగాచార్య 1969లో ‘చిల్లర దేవుళ్ళు’ ప్రచురించిన నాటికి, పాత్రలు తమ మాట మాట్లాడటమే ఒక సాహసం. రచయిత మాత్రం పత్రికల భాషలోనే కథ చెప్పాలి. పాత్రలది యాస, రచయితది భాష – ఈ తేడాలో ఒక పెత్తనం ఉంది. నామిని వంటివారు ఆ పెత్తనాన్ని కూలదోశారు. ఇవాళ ‘ఎదారి బతుకులు’ చదివే విద్యార్థికి అసలు అలాంటి తేడా ఒకప్పుడు ఉండేదని విడమరచి చెప్పవలసి వస్తుంది. చిత్తూరు జిల్లా పడమటి పల్లె మాట అందులో కథను ఆసాంతం నడిపిస్తుంది. ఇక ‘ఢావ్లో’ మరో మెట్టు ఎక్కింది. గోర్ బోలి తెలుగుకు యాస కాదు, వేరే భాష. ఆడపిల్లను అత్తవారింటికి సాగనంపేటప్పుడు ఏడుస్తూ పాడే పాటల పేరును తెలుగు కథల పుస్తకానికి పేరుగా పెట్టడంలోనే, ఇకమీద మీరే మా మాట నేర్చుకోండి అన్న ధోరణి ఉంది. అది నాకు నచ్చింది. తండా పిల్లలకు తెలుగు పాఠం చెప్పే ఉపాధ్యాయులు చదవవలసిన పుస్తకం. తరగతిలో నోరు మెదపని పిల్లవాడికి నోరు లేదనుకుంటాం. అతని నోటిలో ఉన్న భాష మనకు రాదని అనుకోం.

భాషతోపాటు పని కూడా సాహిత్యంలోకి వచ్చింది. గొర్రెల్ని ఎలా మళ్ళిస్తారు, మంద దప్పికకు తల్లడిల్లితే ఏం చేస్తారు, గుడ్డెలుగును ఎలా ఆడిస్తారు, కొల్లేటిలో నీరు లాగినప్పుడు ఏ చేప ఎటు పోతుంది – ఇవన్నీ తెలిసినవాళ్ళు రాస్తున్నారు. పంట పేరు కూడా తెలియకుండా రైతు కథలు రాసిన కాలం ఒకటి మనకు ఉంది. ఆ రకంగా ఇది మంచి కాలమే.

ఇక లెక్క సంగతి.

‘కొండపొలం’ 2019లో తానా బహుమతి పొందిన నవల. 2021లో సినిమాగా కూడా వచ్చింది. వానలు లేక, పల్లెలో మేతా నీరూ కరువైనప్పుడు గొర్రెల కాపరులు మందల్ని తోలుకుని వారాల తరబడి నల్లమలలోకి పోతారు. దాన్నే కొండపొలం పోవడం అంటారు. ఇంజనీరింగు చదివి, హైదరాబాదులో ఉద్యోగం దొరక్క ఇంటికి చేరిన రవి తండ్రి వెంట కొండపొలం పోతాడు. ఇంత మంచి వస్తువు ఈ మధ్య తెలుగు నవలకు దొరకలేదు. ఒక పక్క చదువు అమ్ముకుని బతకలేని కొడుకు, మరో పక్క గొర్రెల్ని నమ్ముకుని బతకలేని తండ్రి. ఇద్దరూ ఒకే అడవిలో నెల రోజుల పైచిలుకు నడుస్తారు. అడవిని ఈ రచయిత చూసినట్టు చూసినవారు మనలో తక్కువ. రాత్రి మంద చుట్టూ కాపలా కాసేటప్పుడు కాపరులు ఒకరికొకరు చెప్పుకునే ఇంటి గోడులు నవలలో మేలైన పుటలు. వాటిలో లెక్క ఉంది. పెళ్ళి ఖర్చులున్నాయి, ఎండిన బోర్లున్నాయి, నగరానికి చేరిన కొడుకులున్నారు.

కాని నవల బరువు వాటి మీద ఉంచలేదు. పిరికివాడైన కుర్రవాడు పులి ఎదుట నిలబడగలగడం మీద ఉంచారు. అడవి రవికి ధైర్యం నేర్పింది. మంచిదే. అయితే రవికి ఉద్యోగం రాకపోవడానికి కారణం ధైర్యం లేకపోవడమేనా? 1990ల తరవాత ఊరికొక ఇంజనీరింగు కళాశాల వెలిసి, ఫీజుల కోసం చేలూ మందలూ అమ్ముడుపోయి, పట్టా పుచ్చుకున్న పిల్లలు అమీర్‌పేట సందుల్లో కోర్సు తరవాత కోర్సు కొనుక్కుంటూ తిరగడం ఒక తరం మొత్తానికి జరిగిన అనుభవం. దానికి వ్యక్తి స్వభావంలో కారణం వెతికితే, నిరుద్యోగం ఒక మానసిక బలహీనత అయి కూర్చుంటుంది. వ్యక్తిత్వ వికాస పుస్తకాలు అమ్మేవాళ్ళు చెప్పేది కూడా ఇదే. రచయిత ఉద్దేశం అది కాదని నాకు తెలుసు. అదే నవలలో కరువు గురించి, అడవిని దోచేవాళ్ళ గురించి ఆయన రాసిన దానికి ఇది ఎదురు కూడా. కాని నవల ఎక్కడ ముడి విప్పుతుందో అక్కడ దాని దృక్పథం తేలుతుంది. తండ్రి గురప్పకు ఎవరు ధైర్యం నేర్పాలి? ఆయనకు ధైర్యం కొదవ కాదు. వాన కొదవ, మేత కొదవ. పుస్తకం మూశాక నా మనసు కొడుకు వెంట పోలేదు, మంద వెంట ఉండిపోయిన తండ్రి దగ్గరే ఆగింది.

‘జిగిరి’ చిన్న నవల. లెక్క ఇందులో సూటిగా ఉంది, అందుకే ఇది దెబ్బ కొడుతుంది. ఇమాం గుడ్డెలుగును ఆడించి బతికేవాడు. ఎలుగు పేరు షాదుల్. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఆ బతుకే నేరం. ప్రభుత్వం ఇస్తానన్న రెండెకరాల భూమి దక్కాలంటే ఇంట ఎలుగు ఉండకూడదు. కొడుకు చాంద్ ఎలుగును వదిలించుకోవాలంటాడు, చంపనైనా చంపాలంటాడు. తండ్రికి చేతులు రావు. తల్లి మధ్యలో నలుగుతుంది. ఒక కుటుంబం భూమి కోసం తన సొంత మనిషి లాంటి ప్రాణిని మొగుడూ పెళ్ళాం కొడుకూ కూర్చుని బేరం పెట్టుకోవలసి రావడం – ఇంతకంటె క్రూరమైన లెక్క ఏముంటుంది? సంక్షేమం అన్న మాటకు వెనకవైపు ఎలా ఉంటుందో చూపిన నవలగా దీన్ని చదవాలి.

మన విమర్శకులు దీన్ని అలా చదివినట్టు లేదు. మనిషికీ మృగానికీ మధ్య ప్రేమ కథ అన్నారు, కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఆ అవకాశం నవలే కొంత ఇచ్చింది. షాదుల్ మూగ ప్రేమకు దక్కినన్ని పుటలు చాంద్ ఆకలికి దక్కలేదు. పాఠకుడి దృష్టిలో కొడుకు స్వార్థపరుడై, తండ్రి ప్రేమమూర్తి అయ్యాడు. కాని చాంద్ అడుగుతున్నది ఏమిటి? తరాలుగా ఊరూరా తిరిగి చేయి చాచిన బతుకు తనతో ఆగాలని. ఒక చోట నిలబడి దున్నుకునే రెండెకరాలు. భూమి కోసం ఆరాటపడేవాడిని మన సాహిత్యం ఎప్పటి నుంచి స్వార్థపరుడు అనడం మొదలుపెట్టింది? ప్రేమ ఒక పక్కా భూమి మరో పక్కా తూకం వేసేలా పేదవాడిని నిలబెట్టినవాడు నవలలో తెర వెనకే ఉండిపోయాడు. కాగితం వస్తుంది, షరతు వస్తుంది. షరతు పెట్టినవాడి ముఖం మాత్రం కనిపించదు. రచయిత శక్తిమంతుడు కాబట్టే ఇంత నిష్ఠూరంగా చెబుతున్నాను. ఈ నవలను నేను మా పై తరగతి పిల్లలకు చదివి వినిపిస్తాను. వాళ్ళు ఎలుగు కోసం ఏడుస్తారు. ఆ తరవాత, చాంద్ స్థానంలో మీరుంటే ఏం చేస్తారు అని అడుగుతాను. అప్పుడు మొదలవుతుంది గొడవ.

‘కొల్లేటి జాడలు’ నవలలో బాకీ ఇంకో రకం. ఇక్కడ పోయింది ఒకరి ఆస్తి కాదు, అందరిదీ అయిన సరస్సు. కొల్లేటి లంక గ్రామాల్లో వరి మునిగినా చేప ఆదుకునేది; నీటి మీద ఊరందరికీ హక్కు ఉండేది. 1970లలో సొసైటీల పేరుతో చేపల చెరువులు తవ్వించడం మొదలైంది. సభ్యులు పేదలు, కౌలు పేరిట అనుభవించినవారు వేరు. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యం ప్రకటన వచ్చింది, 2006లో చెరువుల గట్లు పేల్చేశారు. ఈ చరిత్ర తెలిసిన పాఠకుడికి నవల ఒక గొప్ప నష్టం తాలూకు పద్దులా కనిపిస్తుంది. బాల్యం నాటి కొల్లేరును కుటుంబరావు రాసిన తీరులో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఉమ్మడిగా చేపలు పట్టి పంచుకునే ఘట్టాలు మళ్ళీ చదివాను. అయితే సరస్సు ముక్కలై చేతులు మారిన ఘట్టాల దగ్గరికి వచ్చేసరికి జ్ఞాపకం వేగం పెంచుతుంది. పోగొట్టుకున్నదాన్ని తలచుకోవడం జ్ఞాపకానికి ఇష్టం. ఎవరికి ఎంతకు పోయిందో రాసుకోవడం ఇష్టం ఉండదు.

‘శప్తభూమి’ పద్దెనిమిదో శతాబ్దపు అనంతపురం కథ. హండే ప్రభువుల పాలన కాలం. 2019లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. దీన్ని గురించి విడిగా రాయాలి. ఇక్కడ ఒక మాట చాలు: రాజుల వంశావళి కాక, కరువూ బసివి దురాచారమూ అడుగు కులాల బతుకులూ చరిత్రగా నిలబడిన నవల ఇది. సేవకు మాన్యం, మాన్యానికి ప్రాణం అన్న పాలెగాళ్ళ నాటి ఇచ్చిపుచ్చుకోళ్ళ మీద నా ప్రశ్న పెట్టి చూస్తే నవల బాగానే సమాధానం చెప్పింది. మూడు వందల ఏళ్ళ నాటి లెక్క ఇంత స్పష్టంగా రాయగలిగినవారికి ఇవాళ్టి లెక్క రాయడం ఎందుకు కష్టమవుతోంది?

దీనికి రచయితల దృక్పథ లోపమే కారణం అనేస్తే మన పత్రికల్లో తేలిక. ఆ తేలిక సమాధానం నాకు సరిపోలేదు. గోపన్న అప్పల్రాముడి ఊళ్ళోనే ఉన్నాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. అందుకే పంచాయితీ సాధ్యమైంది, కథ సాధ్యమైంది. ఇవాళ్టి గోపన్న ఎక్కడున్నాడు? 2010లో సూక్ష్మరుణ సంస్థల వసూళ్ళు తట్టుకోలేక ఆత్మహత్యలు జరిగి, ఆ అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చినప్పుడు, అప్పు ఇచ్చినవాడు ఊళ్ళో లేడు. పెట్టుబడి ఎక్కడిదో తీసుకున్న ఆడమనిషికి తెలియదు. ఇంటి ముందుకు వచ్చి కూర్చున్నది మాత్రం ఆమెతోపాటు పూచీపడ్డ సాటి ఆడవాళ్ళు. ఇప్పుడు ఫోనులోనే అప్పు, ఫోనులోనే బెదిరింపు. కౌలు రైతుకు గుర్తింపు కార్డు కోసం 2011లో చట్టం వచ్చినా, భూయజమాని నగరంలోనో అమెరికాలోనో ఉంటాడు. కౌలు కాగితం మీద ఉండదు. ఎదురుగా కనబడని శత్రువును పాత్రగా ఎలా నిలబెట్టాలి అన్నది నేటి వాస్తవికతావాద రచయిత ఎదుట ఉన్న అసలైన శిల్ప సమస్య. దాన్ని పరిష్కరించలేని చోట రచయితలు పులినో, ఎలుగునో, సరస్సునో, జ్ఞాపకాన్నో ఆశ్రయించారు. ఆశ్రయించినవి అందమైనవే. కాని సమస్య అక్కడే ఉంది.

ఇంకొక అభ్యంతరం కూడా వస్తుంది, అది మరింత బలమైనది. అన్నిటినీ అప్పు పద్దుకు కుదిస్తే కులం ఏమవుతుంది? ఈ అభ్యంతరం కోసమే ‘అంటరాని వసంతం’ మళ్ళీ తీశాను. 2000లో వచ్చిన ఆ నవలలో, డొక్కల కరువు నాడు బకింగ్‌హాం కాలువ తవ్వకం దగ్గర కూలి దొరుకుతుందని శివయ్య ఆశపడి పోతాడు. అంటరానివాళ్ళు తమతో కలిసి మట్టి మోయడానికి వీల్లేదని సవర్ణ కూలీలు తరిమేస్తారు. అంటే, దోపిడీకి గురయ్యే హక్కు కూడా అతనికి లేదు. కూలి పద్దులో పేరు ఎక్కడానికే కులం అడ్డం. ఈ ఘట్టాన్ని మన అభ్యుదయ విమర్శ చాలాకాలం సరిగా చదవలేదు. వర్గం ముందా కులం ముందా అని తగవులాడుకుంటూ ఉండిపోయింది. నా దృష్టిలో ఇది లెక్కకు వెలుపలి విషయం కాదు. లెక్క ఎక్కడ మొదలవుతుందో చూపే విషయం. ఎవరిని పద్దులో రాయరో వాళ్ళతో మొదలుపెట్టమని కల్యాణరావు చెప్పినట్టయింది.

అలా మొదలుపెట్టిన పుస్తకం నా ఆరింటిలో ఒకటి ఉంది. ‘ఎదారి బతుకులు’. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురణ. భారతి అయిదో తరగతి వరకు చదివిన దళిత స్త్రీ, మదనపల్లె ప్రాంతం. పొదుపు సంఘాల మహిళలు నడిపిన ‘నవోదయం’ పత్రికకు విలేకరిగా పనిచేశారు. కథలు రెండు మూడు పేజీలకు మించవు. వీటిలో పేదరికం వాతావరణం కాదు, సంఘటన. ఇంత డబ్బు రావాలి, రాలేదు, అందుకని ఇది జరిగింది – ఇలా నడుస్తాయి కథలు. కూలి, తిండిగింజలు, గొడ్డూ గోదా, మొగుడి తాగుడు, అత్త మాట – దేని వెల దానికి ఉంది. ఆ వెల చెప్పేటప్పుడు గొంతులో ఏడుపు లేదు. చాలాచోట్ల నవ్వు ఉంది. కనబడని అప్పులవాడి గురించి నేను పైన చెప్పిన సమస్యకు ఈమె దగ్గర ఒక సమాధానం దొరికింది: అప్పులవాడిని వెతకవద్దు, అప్పు ఇంట్లో ఏం చేసిందో చూపు. పొయ్యి దగ్గర, మంచం దగ్గర, మొగుడూ పెళ్ళాల మాటల్లో అది ఎలా దూరిందో చూపు. ‘యజ్ఞం’ పంచాయితీ అరుగు మీద చేసిన పని ఈ కథలు వంటింటి గడప మీద చేస్తున్నాయి. అంత పెద్ద చిత్రం వీటిలో లేదు. ఊరి చరిత్ర లేదు, కారణాల గొలుసు లేదు. మూడో పేజీలో కథ అయిపోతుంది, కొన్ని కథలు అయిపోకుండానే ఆగిపోతాయి. ఆ కొరత చెప్పక తప్పదు.

ఈ పుస్తకం మీద వచ్చిన మెప్పుదలలో ఒక మాట నన్ను ఇబ్బంది పెట్టింది. ‘సహజంగా’ రాశారట. అనుభవం ఉంది కాబట్టి రాయగలిగారట. శిల్పం అన్న మాట ఆమె దగ్గరికి వచ్చేసరికి మన వ్యాసకర్తల కలం నుంచి జారిపోతుంది. పెద్ద చదువు చదివినవారు మూడు పేజీల్లో కథ ముగిస్తే సంక్షిప్తత అంటాం, గాఢత అంటాం. అయిదో తరగతి చదివిన స్త్రీ ముగిస్తే సహజం అంటాం. ఎక్కడ మొదలుపెట్టాలో, ఏ మాట చెప్పకుండా వదలాలో, నవ్వు ఎక్కడ రావాలో ఎంచుకోకుండా ఇన్ని కథలు ఎవరూ రాయలేరు. ఆ ఎంపికనే వల్లంపాటి వెంకటసుబ్బయ్య ‘కథాశిల్పం’ నుంచి పాఠాలు చెప్పే మనం వేరేచోట్ల శిల్పం అంటున్నాం. విశ్వవిద్యాలయాల్లో ఈ కథల మీద పరిశోధన చేస్తున్న విద్యార్థులు మాండలిక పదాల పట్టికలు తయారుచేసి ఆగిపోకుండా, ఒక్క కథను తీసుకుని వాక్యం వెంట వాక్యం ఎలా కట్టారో చూస్తే మేలు. అలా చూసిన వ్యాసం వస్తే ఈ పత్రిక వేయాలి.

ఆమె రెండో సంపుటి ‘బతుకీత’ ఇంకా నా చేతికి రాలేదు. తపాలాలో రావలసి ఉంది. మొదటి పుస్తకంలో మూడు పేజీలకు ఆగిన గొంతు అక్కడ ఎంత దూరం పోయిందో, ఊళ్ళో మిగతా ఇళ్ళ లెక్కలు కూడా తెరిచిందో లేదో అందులో చూడాలి.